తువ్వాలు కింద నొక్కిన చెయ్యి

మా కాలేజీ బిజినెస్ ప్రొఫెసర్ పోయాడని మొన్న ఉదయం ఫోనొచ్చింది. సాయంత్రానికే హిందూపురంలో సంతాప సభ. బతికున్నన్నాళ్ళూ "ఎద్దుల ప్రొఫెసర్" అని వెక్కిరించినవాళ్ళే వేదికెక్కి మహామేధావి అన్నారు. నాకు మైకు ఇవ్వలేదు. ఇచ్చుంటే ఒక్కొక్కరి పాత మాటలు ఒప్పజెప్పేవాణ్ణి. ఆ పేరు మొదట పెట్టింది నేనే, అదీ చెప్పేవాణ్ణి.

ఆయనా నేనూ పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. నేను పుస్తకాలు చదివాను, ఆయన మనుషుల్ని చదివాడు. ధర్మవరంలో చీరల బేరం సాగుతుంటే అంగడి అరుగు మీద గంటలకొద్దీ కూర్చునేవాడు. "ముందు నోరు తెరిచినోడు ఓడిపోడబ్బా, ముందు చెవి మూసుకున్నోడు ఓడిపోతాడు" అనేవాడు.

అన్నిటికన్నా ఆయనకు పెనుకొండ దగ్గరి ఎద్దుల సంత పిచ్చి. అక్కడ ఇద్దరూ తువ్వాలు కింద చేతులు దూర్చి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చెయ్యి గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్లే. కాగితం లేదు, సాక్షి లేదు, అయినా ఎవరూ మాట తప్పరు. ఎందుకు? అదే ఆయన పరిశోధన. సంతవాళ్ళు నాలుగేళ్ళు ఆయన్ని దూరం నుంచే చూడనిచ్చారు.

ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. ముదిగుబ్బ నుంచి కొత్తగా వచ్చిన రైతొకాయన, ఎద్దుల చుట్టూ తిరుగుతున్న ఈయన్ని కొనేవాడనుకుని తువ్వాలు చాపాడు. ప్రొఫెసర్ చెయ్యి పెట్టాడు. నాలుగేళ్ళకు మొదటిసారి ఆ వేళ్ళు తగలగానే ఈయన సంబరం ఆపుకోలేక గట్టిగా నొక్కేశాడు! రైతు అప్పటిదాకా కాచుకున్న ఇంకో బేరగాణ్ణి పంపించేశాడు.

"అయిపాయ! సారు ఎద్దులు కొనేసినాడబ్బా!" అని దళారి అరిచాడు. సంతంతా గొల్లుమంది.

"తెలీక నొక్కినానని చెప్పు, పోదాం పా" అని చెవిలో అన్నాను.

రైతు విన్నాడు. మొహం వాడిపోయింది. "నీ చెయ్యి నమ్మి వచ్చిన బేరాన్ని పంపిస్తినే! పోనీలే సారూ, మీరు చదువుకున్నోళ్ళు. మాట తప్పినా మీకు అంటదు."

ప్రొఫెసర్ నా వైపు తిరిగాడు. "ఇప్పుడు ఈ చెయ్యి ఎనక్కి లాక్కుంటే, ఈ సంతలో మళ్ళా ఎవురు పట్టనిస్తారప్పా? నాలుగేండ్ల పని బూడిదే కదా!" ఆరోజే అందుకున్న జీతం జేబులోంచి తీసి రైతు చేతిలో పెట్టాడు.

ఎద్దుల్ని టెంపో ఎక్కించి, ఇస్త్రీ చొక్కాతో వాటి మధ్యే నిలబడ్డాడు. బండి కదిలింది. అంతలో రైతు పంచె ఎగగట్టి వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"సారూ! కుడి పక్కది పొడుస్తాది సారూ! చెప్పకూడదనుకుంటి... జాగ్రత్త!"

అమ్మేసి, డబ్బు ముట్టాక సరుకులో లోపం ఎవడు చెబుతాడు?

"ఇన్నావా అబ్బా, ఇన్నావా!" డ్రైవరు పక్కనున్న నాకు వినపడేలా వెనక నుంచి ప్రొఫెసర్ కేకలు. తిరిగి చూశాను. ఊగుతున్న టెంపోలో, ఆ పొడిచే ఎద్దు వీపు మీదే నోటుబుక్కు ఆనించి, గబగబా రాసుకుంటున్నాడు.