మా చిన్నమ్మ వాయించే ఆర్గాన్ ఎవరిది?

ఈ ప్రయాణం సరదా పుట్టి చేసింది కాదు. కమలాపురం దగ్గర మా ఊరి చర్చిలో గొట్టాల ఆర్గాన్ ఒకటుంది. తిత్తితో గాలి కొడితే పాడుతుంది. చిన్నమ్మ మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి దాన్ని వాయిస్తోంది. ఈ మధ్య తిత్తి చినిగింది. బాగు చేయిద్దామనుకునే లోపల, అది మనది కాదు, కర్నూలు వైపు నుంచి తిరిగిస్తామని ఎరువు తెచ్చిందని ఎవరో పుల్ల పెట్టారు. చిన్నమ్మకు అన్నం సయించలేదు. "యాడిదో తేల్చుకోని రా నాయనా. బాగు చేయించినాక ఎవురన్నా వచ్చి మాదంటే నేను తట్టుకోలేను" అంది.

పొద్దున్నే కడపలో బస్సెక్కి, మైదుకూరులో టీ తాగి, కర్నూలు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్కడి పాత చర్చి పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "మాది కాదప్పా. కోసిగి పక్క పల్లెలో ఉండేదంట, కరువులో ఎవురికో ఇచ్చినారంట" అన్నాడు. ఎమ్మిగనూరు మీదుగా మరో మూడు గంటల పైన. నిజం చెప్పాలంటే, ఏమీ దొరక్కపోతే బాగుండుననుకున్నాను. కోసిగిలో ఆటో అతను రెండు వందలు అడిగి నూటయాభైకి ఒప్పుకున్నాడు. "ఇప్పుడు పోయి ఎవురిని చూస్తావప్పా? మిరపకాయలు కోసేదానికి అందరూ గుంటూరు పక్క పోయినారు" అన్నాడు.

పల్లెలో నిజంగానే సగం ఇళ్ళకు తాళాలు. మరియమ్మ అనే ముసలామె చర్చి తలుపు తీసింది. కాళ్ళు పీకుతుంటే లోపల ఎడమ మూలలో చతికిలబడ్డాను.

"ఆడ కూసోగాకప్పా, లెయ్!"

ఉలిక్కిపడి లేచాను. "ఎందుకవ్వా?"

"ఆడ ఎవురూ కూసోరు. పండగనాడు జనం బయట ఎండలో నిలబడతారు గానీ ఆ మూలకు పోరు. మా అత్త కాలం నుంచి అంతే. ఏందో పాటల పెట్టె ఉండేదంట. ఊరంతా వలస పోతా, చెదలు తింటాదని ఎవురికో దాచమని ఇచ్చినారంట. అది వస్తే చోటు ఉండాల గదా."

మూలను జానలతో కొలిచాను. మా ఆర్గాన్ సరిగ్గా పడుతుంది. అది రుజువు కాదని తెలుసు. అయినా మనసు కలుక్కుమంది. "మా ఊర్లో ఉండేది అదేనేమో అవ్వా" అన్నాను.

"పాడుతాండాదా?" అని అడిగింది.

"మొన్నటి దాకా పాడింది."

"అంతే చాలప్పా" అంది.

కోసిగి స్టేషన్లో బెంచీ మీద వాలిపోయాను. ఒకరోజు తిరిగినా ఆ ఆర్గాన్ ఎవరిదో గట్టిగా చెప్పలేను. మాదనడానికి మాత్రం ఇక నోరు రాదు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: నాలాగా బస్సుల్లో నడుము విరగ్గొట్టుకోకండి. కమలాపురం, కోసిగి ఒకే రైలు దారిలో ఉన్నాయి, గుంతకల్లులో బండి మారితే చాలు. చిన్నమ్మకు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను, ఈ రైలు సంగతి కూడా. అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ఆర్గాన్ పోతుందని ఏడుస్తోందనుకున్నాను.

"ఒగ రైలు దోవలోనే ఉండి," అంది, "ఇన్నేండ్లలో ఒగసారన్నా వాళ్ళను పాట వినేదానికి పిలవకపోతిమే నాయనా."