నెలకో పేరు, నెలకో కార్డు

పటమటలో యాసిన్ గారి శుభలేఖల కొట్టు, నా ఇంటర్నెట్ సెంటరు పక్కపక్కనే ఉండేవి. కార్డులో ఒక్క అక్షరం తప్పు పడినా మొత్తం మళ్ళీ అచ్చేసిచ్చే మనిషి ఆయన. అలాంటాయనకి దొంగబుద్ధి నేర్పింది నేనే. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

2008లో, తెలుగు, ఉర్దూ శుభలేఖలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆన్‌లైన్‌లో దొరికింది. మొదటి నెల ఉచితం. తర్వాత కార్డులోంచి నెలనెలా చందా వాళ్ళే తీసుకుంటారు. యాసిన్ గారికి అదే భయం.

"వర్చువల్ కార్డు చేసుకోండి భాయ్" అన్నాను. బ్యాంకు వెబ్‌సైట్లో పుట్టే ఉత్త నంబరది. ఒక్కసారి వాడితే ఇక చెల్లదు. "చెల్లని కార్డులోంచి వాళ్ళేం తీసుకుంటారు? వచ్చే నెల ఇంకో పేరు, ఇంకో కార్డు. మళ్ళీ ఫ్రీ!" అబ్బో, ఏం తెలివో నాది!

పేర్లకేం కొదవ? ఆయన బల్ల మీద శుభలేఖల ప్రూఫుల నిండా పెళ్ళికూతుళ్ళే. ఒక నెల ఇల్మా, ఒక నెల అఫ్సానా, ఒక నెల కంకిపాడు హేమ. ఒక్కొక్కరికీ ఈమెయిలు నేనే తెరిచాను.

ఏడో నెల దాటగానే ఏడుగురి ఈమెయిళ్ళకీ ఒకే ఉత్తరం వచ్చింది. "మీ ఊళ్ళో ఏడుగురు చేరారు, ఏడుగురూ నెలకే మానేశారు. నేనొక్కణ్ణే చేసుకున్న సాఫ్ట్‌వేరండీ ఇది. లోపమేంటో చెప్పండి. మణికుమార్, విశాఖపట్నం."

యాసిన్ గారు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయారు. ఏదో ఒకటి చెప్పాలిగా అని, ఉర్దూ అక్షరాల చుక్కలు పక్కకి జరుగుతున్నాయని ఇల్మా పేరుతో నేనే రాసి పంపాను. ఆయన వద్దనలేదు.

నెల తర్వాత జవాబొచ్చింది. "అమ్మా, నాకు ఉర్దూ రాదు, చూసి గీసుకున్న అక్షరాలే అవి. మసీదు పెద్దాయన ఒకర్ని బతిమాలి, రోజూ పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి చుక్కా చూపించాను. తప్పు ఆయనకీ దొరకలేదు. ఏ అక్షరమో చెప్పరూ?"

యాసిన్ గారు ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు నా సెంటర్లోంచే స్పీకర్ పెట్టి మణికుమార్‌కి ఫోన్ చేసి, పేర్లూ, కార్డులూ, అబద్ధం, అన్నీ ఒప్పేసుకున్నారు. నా పేరు మాత్రం చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు.

"అయితే చుక్కలు ముందునుంచీ సరిగ్గానే ఉన్నాయాండీ?" అన్నాడతను అంతా విని.

"ఉన్నాయండీ."

"హమ్మయ్య! నెల్రోజుల్నించీ నిద్ర లేదండీ నాకు."