మధ్యలో తీసివేత

“అవకలనంలో భాగహారం సూత్రం పాతచెప్పు ప్రొఫె, ఇంక పారెయ్యండి! హారానికి మైనస్ ఒకటో ఘాతం పెట్టేస్తే అదీ గుణకారమేగా. గుణకారం సూత్రం ఒక్కటొస్తే చాలు” అన్నాడు జెర్సన్, నా బండి దగ్గర నిలబడి పెద్ద మాస్టారితో. మాస్టార్లని ఇక్కడ ప్రొఫె అంటారు.

జెర్సన్ ట్యూషన్ అకాడెమీలో కొత్త మాస్టారు. మొదటి ఏడాది లెక్కల్లో తప్పిన మా ఊరి వాంకాయో యూనివర్సిటీ పిల్లలంతా వచ్చి పడేది అక్కడికే. గేటు పక్కన బార్లీ కషాయం అమ్మేది నేను.

పెద్ద మాస్టారు దోన్ ఎరాక్లియో సుద్దముక్క తీసి నా బండి చెక్క మీద రాశాడు: పైన ఎక్స్, కింద ఎక్స్ వర్గం ప్లస్ ఒకటి.

“నీ దారిన నువ్వు చెయ్యి, నా దారిన నేను చేస్తా. వాలు ఎక్కడ సున్నా అవుద్దో చెప్పాలి.”

పెద్దాయన ఒక్క భిన్నంతో తేల్చేసి, “ఒకటి దగ్గర, మైనస్ ఒకటి దగ్గర” అని గ్లాసు అందుకున్నాడు. కుర్రాడికి జవాబు రెండు ముక్కలై వచ్చింది. వాటిని అతికించడానికి మళ్ళీ ఆ హారమే కావలసి వచ్చింది.

“పాతచెప్పే కాలికి పట్టిందా నాయనా?” అన్నాను. నన్నెవరూ అడగలేదు, అయినా అన్నాను.

ఎరాక్లియో గని కూలీ కొడుకు. సర్కారు బడిలో రిటైరయ్యాక ఇంట్లో వారం కూడా కూర్చోలేదు. “లెక్కలన్నీ నాకు చెప్పకండి, బయటికి పోండి” అని భార్య ఫెర్మీనా తరిమిందట. ఇక్కడికొచ్చి పడ్డాక ఆయనంత సుఖంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. బల్లలు చరిపిస్తూ పాడిస్తాడు, వీధంతా వినపడుతుంది: “పైదాన్ని కదుపు, కిందదాంతో హెచ్చించు! తీసెయ్! కిందదాన్ని కదుపు, పైదాంతో హెచ్చించు! అంతా కిందదాని వర్గం మీద పెట్టు!”

కదపడమంటే అవకలనం చెయ్యడమట. గుణకారం సూత్రంలో మధ్యన కలపాలి, ఇందులో తీసెయ్యాలి. పిల్లలు బోల్తాపడేది అక్కడే. నేను చదివింది రెండో తరగతి, పాట మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఒక ఉదయం “నిమ్మకాయ పిండనా ప్రొఫె?” అంటే, “మంగళవారం” అన్నాడు.

“మంగళవారం దాకా ఆగమంటారా?” అని అరిచాను.

నా పెదాలు చూసి సంగతి గ్రహించి, దగ్గరికి జరిగాడు. ఇప్పుడు అకాడెమీ ఓనరుకీ తెలుసు గనక చెబుతున్నాను, ఆయనకు చెవుడు వచ్చింది.

“నెమ్మది కసేరా!” అన్నాడు. రోజూ కొనే అంగడామెని ఇక్కడ అలాగే పిలుస్తారు. “తెలిస్తే నా క్లాసు జెర్సన్‌కిచ్చేస్తారు.”

“చెవిలో మిషను పెట్టుకోకూడదూ?”

“పెట్టుకుంటే అందరికీ కనపడదూ?”

పోయిన వారం నీల్దా అనే పిల్ల పాట అప్పజెబుతూ మధ్యలో “కలుపు” అందట. వినపడక ఈయన “శభాష్” అన్నాడు. మాస్టారే మెచ్చాక ఇంకేముంది, చిన్న పరీక్షలో బెంచీలకు బెంచీలు మైనస్ బదులు ప్లస్ పెట్టేశాయి. అసలు పరీక్షలోనూ అదే జరిగితే పిల్లల ఏడాది పోతుంది, ఈయన పేరూ పోతుంది.

“మానేసి ఇంట్లో కూర్చోండి మరి.”

“ఫెర్మీనా రానిస్తుందా?” అని నవ్వాడు. తర్వాత గ్లాసు దించి, “నీవి పాముచెవులు కసేరా. రేపట్నుంచి పాట అప్పజెప్పే వేళకి వచ్చి వెనక బెంచీలో కూర్చో. మధ్యలో ఎవరైనా ‘కలుపు’ అన్నారంటే నాకు తెలియాలి” అన్నాడు.

“దగ్గనా?”

“దగ్గితే నాకెట్లా వినపడుద్ది? లేచి నిలబడు.”