గోరువెచ్చని నీళ్ళలో మావయ్య రక్తం

నా చిన్నప్పుడు నేను చెప్పే మాట మా వీధి కుక్కలు కూడా నమ్మేవి కావు. హంసలదీవి దగ్గర తిమింగలం నన్ను మింగి, ఉప్పెక్కువైందని ఉమ్మేసిందని అంతకుముందే ఊరంతా చెప్పి ఉన్నాను. అందుకే మా అమ్మ నీళ్ళు పోస్తూ నా తొడల మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి "ఎవర్రా కొట్టింది?" అన్నప్పుడు, ఎవరూ కొట్టలేదన్న నిజం ఎవరి చెవికీ ఎక్కలేదు.

రోజూ నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని చల్లపల్లి బడిలో దించేది పక్కింటి మావయ్య. ఆయనకీ నాన్నకీ అప్పటికే పొలం గట్టు తగాదా. కొట్టింది ఆయనేనని నాన్న కొడవలి పట్టుకుని వెళ్ళి, ముందు పిడికిలితో మావయ్య మూతి మీద గుద్దాడు. పన్ను ఎగిరి కుడితి గాబులో పడింది. మావయ్య వెల్లకిలా పడగానే గుండెల మీద మోకాలేసి కొడవలి ఎత్తాడు. నేను ఆ చేతికి వేలాడాను. విదిలించిన విసురుకి నా పెదవి చిట్లింది.

ఆ రక్తం ఆగలేదు. పసుపు అద్దారు, కాఫీపొడి అద్దారు, గుడ్డలు తడిసి ముద్దయ్యాయి. బందరు ఆసుపత్రికి కారులో తీసుకెళ్తుంటే మావయ్య కూడా మూతికి తువ్వాలు అడ్డంపెట్టుకుని ఎక్కాడు. ఆసుపత్రి వరండాలో నాన్న మళ్ళీ ఆయన మీద పడి గొంతు పట్టుకున్నాడు. "నా కొడుక్కేమన్నా అయితే నిన్నిక్కడే నరుకుతా!"

ల్యాబు డాక్టరమ్మ బయటికొచ్చింది. "గొంతు వదలండి, ఆయనతో నాకు పనుంది. పిల్లాడి రక్తంలో గడ్డకట్టించే ప్రోటీనేదో లేనట్టుంది. బాగున్నవాళ్ళ రక్తంతో కలిపి చూడాలి."

"నాది తీసుకోండి!" అన్నాడు నాన్న.

"రక్తసంబంధం ఉన్నవాళ్ళది వద్దు, వాళ్ళకీ ఇదే లోపం ఉండొచ్చు. ఈయన నీకేమవుతారు బాబూ?"

"మావయ్య," అన్నాను.

"అయితే ఈయనా పనికిరారు."

నాన్న ఠక్కున గొంతు వదిలేశాడు. "ఉత్తి పిలుపేనండీ! వీడికీ మాకూ ఏ సంబంధమూ లేదు. ఎంత కావాలంటే అంత తియ్యండి!"

"ఇందాక సగం నువ్వే తీశావుగా బావా," అన్నాడు మావయ్య, ఊడిన పన్ను సందులోంచి.

రక్తం మీద తేరిన పసుపురంగు నీటిలో ఏదో మందు చుక్క కలిపి, గాజు గొట్టాలను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, మాటిమాటికీ వంచి చూసింది డాక్టరమ్మ. నా గొట్టంలోది కాలవ నీరులా జారుతూనే ఉంది. నాదీ మావయ్యదీ చెరిసగం కలిపిన గొట్టంలోది మాత్రం జున్నులా బిగిసి, వంచినా కదల్లేదు.

"పిల్లాణ్ణెవరూ కొట్టలేదు," అందామె, నేను బడికెలా వెళ్తానో అడిగి తెలుసుకుని. "సైకిలు కడ్డీ ఒరుసుకున్నా ఇలాగే కమిలిపోతుంది."

నాన్న ఆ గొట్టం అడిగి తీసుకుని తనే వంచాడు. మళ్ళీ వంచాడు. మావయ్య వైపు మాత్రం చూడలేకపోయాడు. దాతల రక్తం నుంచి తీసిన ప్లాస్మా ఎక్కించాక నా పెదవి నుంచి రక్తం కారడం ఆగింది. ఇంటికొచ్చాక నాన్న పక్కింటికెళ్ళి, తన భుజం మీది కండువా తీసి మావయ్య సైకిలు కడ్డీకి మెత్తగా చుట్టొచ్చాడు.

ఇప్పటికీ ఎవరి మీదైనా నా రక్తం ఉడికితే, ఆ గోరువెచ్చని నీళ్ళే గుర్తొస్తాయి. చెయ్యెత్తే ముందు మనసులోనే ఆ గొట్టాన్ని ఒకసారి వంచి చూస్తాను. తిమింగలం సంగతంటారా, అదీ నిజమే. ఉప్పెక్కువన్నది దాని వంక గానీ, నా రక్తం అంత పల్చన కాబట్టే దానికి రుచించలేదు.