పంతులుగారి చేతికి ఇవ్వని నిమ్మకాయ

ఒక పంతులును ఆయన బడిపిల్లల ముందే ఓడించి, దాన్ని సంస్కరణ అనుకున్నారా మీరెప్పుడైనా? నేను అనుకున్నాను.

అప్పట్లో గోదావరి లంక గ్రామాల వీధిబడులకు వెళ్లి, పంతుళ్లకు కొత్త పద్ధతులు నేర్పడం నా ఉద్యోగం. ఒక ఊళ్లో ముసలి పంతులుగారు అరుగు మీద కూర్చుని, సూర్యుణ్ణి రాహువు మింగడమే గ్రహణమని పిల్లలకు చెబుతున్నారు. రాజమండ్రి సంస్కరణ సభల్లో వాదించి పదునెక్కిన నోరు నాది, ఊరుకోలేదు. దీపం తెప్పించి అది సూర్యుడనుకోమని, చంద్రుడిలా నిమ్మకాయను దానికి అడ్డుపెట్టి చూపించాను.

"రాహువేడండీ పంతులుగారూ? ఓసారి పిలవండి!" అన్నాను.

పిల్లలు పకపకా నవ్వారు. ఆయన తల వంచుకున్నారు.

కొన్నాళ్లకు మళ్లీ వెళ్లేసరికి అరుగు ఖాళీగా ఉంది. పిల్లలు పశువుల వెంట పోతున్నారు.

"ఆయనకేమీ తెలీదని తమరే తేల్చారు కదండీ. ఇంకేం చూసి పంపమంటారు?" అన్నాడొక తండ్రి.

పంతులుగారు మాత్రం నాకు మజ్జిగ ఇచ్చి, "ముందే నాకు చెప్పుంటే నేనే చూపించేవాణ్ణి కదండీ" అన్నారు.

గ్రహణం గురించి నేను చెప్పింది నిజమే. కానీ ఆ బడి మూతపడింది నా వల్లనే.

మీరు పంతుళ్లకు నేర్పడానికి ఏ బడికి వెళ్లినా పిల్లలు రాకముందే వెళ్లండి. పంతులు పక్కన కూర్చోండి. నిమ్మకాయ ఆయన చేతికే ఇవ్వండి.