మా అత్త ఎంచుకున్న చెయ్యి

పోయిన గురువారం తెల్లవారుతూనే ధర్మవరం నుంచి, మా అత్తను చూసుకునే రూతమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడు మాట్లాడినా వీధి చివరిదాకా వినపడే గొంతు ఆమెది. ఆ రోజు మాత్రం చాలా చిన్నగా చెప్పింది. "పెద్దమ్మ పొయ్యిందక్కా. నిద్దర్లోనే. కాపీ తాగిద్దామని పిలిస్తే పలకలేదు." మా మేనత్త ఇక లేదన్న సంగతి నాకు అలా తెలిసింది.

హిందూపురంలో బస్సెక్కాను. పెనుకొండలో నాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెబుతూ బతుకంతా బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి ఆయన. ఇంట్లో కూడా ఆ అలవాటు పోలేదు. ఆ రోజు ధర్మవరం వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం, "మా యక్క నన్ను గెలిచే పొయ్యిందమ్మా," అన్నాడు. ఏ విషయంలో గెలిచిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా అత్త పట్టుచీరలు నేసేది. అంచు ఒక రంగు, చీర ఒక రంగు ఉండే రకం నేయాలంటే ఒక్కరి వల్ల కాదు. నేసే మనిషి కాకుండా, కుడిపక్కన కూర్చుని అంచు దారం పోసే నాడెను తోసే మనిషి ఇంకొకరు కావాలి. ఇద్దరి చేతులూ కుదరకపోతే అంచు వంకర పోతుంది. మామ ఉన్నన్నాళ్ళూ ఆయనతో కలిసి నేసింది. ఆయన పోయాక పక్కన కూర్చునే మనిషిని తానే వెతుక్కునేది. ఎవరు వచ్చినా ముందు ఒక మూర నేయించి చూసేది. తను "ఊ" అన్నాకే అవతలి మనిషి నాడె తోయాలి. ఎంత చురుకైన చెయ్యి అయినా సరే, ఆ "ఊ" కోసం ఆగకపోతే పనికిరాదు. మూర అయ్యాక తన అభిప్రాయం చెప్పకుండా ముందు వాళ్ళనే అడిగేది, "నాతో నీకు కుదురుతుందా?" అని. కుదరదన్నవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేది. ఒక్కరి మీదా కోపం పెట్టుకోలేదు.

కొన్నేళ్ళ కిందట ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు. పిల్లలు లేరు కాబట్టి నాయన ఆమెను పెనుకొండకు తీసుకొచ్చి, హిందూపురంలో ఒక ఏజెన్సీతో మాట్లాడి చూసుకునే అమ్మాయిని పెట్టాడు. ఆ అమ్మాయిలో ఏ వంకా లేదు. శుభ్రంగా, వేళకు అన్నీ చేసేది. కాకపోతే మా ఇంట్లో అందరం ఆమెకు ఒక అలవాటు చేశాం. అత్త మంచం మీదే ఉన్నా, "స్నానం చేయించేదా సార్?" అని నాయనను అడిగేది. నాయన సరే అనేవాడు. పక్కకు తిప్పడం, జడ వేయడం, పడుకోబెట్టడం అన్నీ అంతే. కొన్నాళ్ళకు అత్త మాట్లాడటం తగ్గించింది. మేం నీరసం అనుకున్నాం.

ఒకరోజు ఆ అమ్మాయి అలాగే అడిగితే, నాయన తలూపే లోపల అత్త నోరు తెరిచింది.

"ఏమప్పా, మీ బావ పొయినాక మగ్గం మీద నా పక్కన ఎవురు కూచోవాల్నో నాకు ఎవురూ చెప్పలేదు. ఇప్పుడు నా ఒంటి మీద చెయ్యేసేది ఎవురో నువ్వు చెప్తావా?"

నాయన నచ్చజెప్పబోయాడు. ఇంత ఖాయిలా పడ్డాక ఎవరు చేస్తే ఏమిటన్నాడు. ఖాయిలా పడినాకే ఆ ఎంపిక కావాల్సిందని అత్త అంది. బాగున్నప్పుడైతే నచ్చనివాళ్ళ దగ్గర్నుంచి లేచి పోవచ్చు, ఇప్పుడు తాను లేవలేదు కదా అంది. తనను ధర్మవరంలో దించి రమ్మంది. ఆ వారంలోనే నాయన ఆమెను తీసుకెళ్ళి దించి వచ్చాడు.

ధర్మవరంలో ఆమె మనిషిని వెతుక్కున్న తీరు ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వచ్చిన ప్రతి ఆడమనిషి చేతా ఒక పూట చేయించుకునేది. మగ్గం మీద మూర నేయించినట్టే. ఒకామె చాలా నేర్పరి, నాకు భలే నచ్చింది. అత్త వద్దంది. "చెయ్యి మంచిదే. నా ‘ఊ’ కోసం నిలబడదు," అంది.

చివరికి రూతమ్మను ఎంచుకుంది. రూతమ్మది బుక్కపట్నం దగ్గర పల్లె. చెరువు చేపలు గంపలో తెచ్చి ధర్మవరం వీధుల్లో అమ్మేది. చేప ముట్టని మా అత్త ఇంటి అరుగు మీద గంప దించి నీళ్ళు తాగి పోయే పరిచయం. తన వంతు వచ్చిన పూట స్నానానికి నీళ్ళు తోడి, అందులో మోచెయ్యి ముంచి చూసి, "సాలునా పెద్దమ్మా, ఇంగా రవ్వంత కాగాల్నా?" అని అడిగి నిలబడిందట. అత్త కావాలనే చాలాసేపు పలకలేదట. రూతమ్మ చెంబు పట్టుకుని అలాగే ఉందట. అయ్యాక అత్త, నాతో నీకు కుదురుతుందా అని అడిగితే, "నీకు కోపం జాస్తి, నాకు నోరు జాస్తి. సూద్దాంలే పెద్దమ్మా," అందట. ఈ మాట చెప్పి చెప్పి నవ్వుకునేది మా అత్త.

బంధువులు మాత్రం నవ్వలేదు. శిక్షణ లేదన్నారు. చర్చికి పోయే మనిషి అన్నారు. చేపల గంప మోసిన చేతులతో వంటేమిటన్నారు. "కడుక్కుంటాది గదా," అంది అత్త. ఆదివారం రూతమ్మదేనని కూడా ఆమే తీర్మానించింది. ఆ ఒక్కరోజు ఎదురింటామె వచ్చేలా మాట్లాడుకుంది.

మొదటి నెలల్లోనే జరగరానిది జరిగింది. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు రూతమ్మ చెయ్యి జారి అత్త కింద పడింది. మోచెయ్యి కమిలి నల్లబడింది. నాయన, నేను పరుగున వెళ్ళాం. నాయన గడపలోనే నిలబడి రూతమ్మను సంచి సర్దుకోమన్నాడు. ఇంతకన్నా రుజువేం కావాలన్నాడు. రూతమ్మ ఏడుస్తూ నిజంగానే సర్దుకోబోయింది. అత్త కుర్చీలోంచి గట్టిగా అంది.

"పడింది నేను. కోపం రావాల్సింది నాకు. నీ ఇంట్లో నేను పడలేదు, నిజమే. ఆడ నన్ను మూటమాదిరి దించినారు. ఈడ మనిషిమాదిరి పడినా. ఆమె ఉండాల్నో పోవాల్నో నేను చెప్తా."

నాయన వెళ్ళి కమిలిన చోట పూసే మందు కొనుక్కొచ్చాడు. దాన్ని తెచ్చి అత్త చేతికి కాకుండా రూతమ్మ చేతికి ఇచ్చాడు. ఆ రోజు మా అత్తను చూసి నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు. సగం ఒళ్ళు పనిచేయని మనిషి, ఇంట్లో ఉన్న అందరికన్నా నిటారుగా కనిపించింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మగ్గం పద్ధతికి వచ్చారు. అత్త "ఊ" అనేదాకా రూతమ్మ ఏదీ కదిలించదు. లేపాలన్నా, తిప్పాలన్నా, నీళ్ళు పోయాలన్నా ముందు అడుగుతుంది, ఆగుతుంది. ఇద్దరూ బాగా పోట్లాడుకునేవాళ్ళు కూడా. కూరలో ఉప్పు దగ్గర మొదలై ఎక్కడికో పోయేది. ఒకసారి రూతమ్మ అలిగి ఊరికి వెళ్ళిపోతే అత్త నాకు ఫోన్ చేయించి, "తప్పు నాదే, రమ్మని చెప్పు. నువ్వు బతిమాలొద్దు, నేను చెప్పినానని చెప్పు," అంది. రూతమ్మ మర్నాడే వచ్చింది, వస్తూనే మళ్ళీ పోట్లాడింది. ఆ చప్పుడు వింటే నాకు ధైర్యంగా ఉండేది. పెనుకొండలో మాటలు మానేసిన మనిషి మళ్ళీ దొరికినట్టు అనిపించేది. ఇప్పుడు ఆ వీధిలో ఎవరైనా మంచాన పడితే, పిల్లలు ముందు ఆ మనిషినే అడుగుతున్నారు, ఎవర్ని పెట్టమంటావని.

గురువారం మేం చేరేసరికి ఇంటినిండా జనం. చివరి స్నానానికి పెద్ద ఆడవాళ్ళు, దగ్గరి చుట్టాలు సిద్ధంగా ఉన్నారు. రూతమ్మ గోడ పక్కన, దూరంగా నిలబడి ఉంది. ఎవరూ ఆమెను రమ్మనలేదు, పొమ్మనలేదు. పాత మగ్గం ఉన్న గది తలుపు దగ్గర నాయన ఆగి, అందరినీ ఒకసారి చూశాడు. పాత కండక్టరు గొంతు వచ్చింది ఆయనకు.

"రూతమ్మా, నువ్వు రా. మా యక్కకు నీళ్ళు పోసేది ఎవురో ఆమె ఎప్పుడో చెప్పింది. ఈపొద్దు మార్చేదానికి మేమెవురం?"

ఒకరిద్దరు గొణిగారు. నాయన వినిపించుకోలేదు. రూతమ్మ కళ్ళు తుడుచుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, వచ్చి కాగులోంచి నీళ్ళు తోడింది. చన్నీళ్ళు కలిపింది. మోచెయ్యి ముంచి చూసింది. చెంబు ఎత్తి, మా అత్త ముఖం మీదికి వంగి, ఎప్పటిలాగే అడిగింది.

"పోసేదా పెద్దమ్మా?"

అడిగి ఆగింది. ఆడవాళ్ళూ ఆగారు, గుమ్మంలో నాయనా ఆగాడు. మా అత్త "ఊ" అనడానికి రోజూ ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆ చెంబు అలాగే నిలిచి ఉంది. తర్వాత రూతమ్మ మెల్లగా నీళ్ళు పోసింది.