తెర మీది ఇల్లు

సుగంతికి ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. ఆమె తల్లి పంకజమ్మకు ఏ అక్షరమూ రాదు. తమిళనాడులోని గుడియాత్తంలో అగ్గిపెట్టెల కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా లేబుళ్ళు అంటిస్తోంది. బొమ్మ చూసి ఏ పెట్టె ఏ ఊరికి పోతుందో తడుముకోకుండా చెబుతుంది. మనుషులు తికమక పడకుండా కంప్యూటర్ తెరలను తీర్చిదిద్దే చదువు ఒకటుందని విన్నప్పుడు సుగంతికి గుర్తొచ్చినవి ఆ లేబుళ్ళే. ఐదేళ్ళు ఒక ఆఫీసులో పనిచేసి, ఇరవై ఎనిమిదో ఏట వేలూరులో ఆ పీజీలో చేరింది. పొద్దున్నే కాట్పాడి దాకా రైలు, అక్కణ్ణించి బస్సు.

రెండో ఏడు ప్రాజెక్టు కింద వేలూరులోని ఒక ఆస్పత్రి గేటు లోపల టచ్ స్క్రీన్ పెట్టింది. నొప్పి ఎక్కడో మనిషి బొమ్మ మీద వేలు పెడితే, ఏ గదికి పోవాలో చీటీ వస్తుంది. తప్పు నొక్కితే మళ్ళీ మొదటికి రావడానికి మూలన చిన్న ఇంటి బొమ్మ. శుక్రవారం కాలేజీవాళ్ళూ ఆస్పత్రివాళ్ళూ వచ్చి చూస్తారు. పదిమందిలో ఎనిమిదిమంది ఎవరి సాయమూ లేకుండా చీటీ తీసుకోవాలి. లేదంటే తెర తీసేస్తారు, సుగంతి ఇంకో ఆరు నెలలు చదవాలి. సోమవారం తనే పరీక్ష పెట్టి చూసుకుంది. నలుగురే గట్టెక్కారు.

తప్పు నొక్కినవాళ్ళంతా ఒకే తీరు. వేలు ఇంటి బొమ్మ దాకా పోయేది, ఆగిపోయేది. తర్వాత నేరుగా గేటు దగ్గరి వాచ్‌మన్ ఏలుమలై దగ్గరికి పోయి అంతా మొదట్నుంచీ అడిగేవాళ్ళు.

"నీ మెషిను వస్తే నాకు పని తగ్గుతాదని చెప్పిరి గదమ్మా," అన్నాడు ఏలుమలై. "ఇప్పుడు డబలైపోయింది. జీతం గూడా డబల్ చేసే బటను ఉండాదా దాంట్లో?"

"ఇంకా పెట్టలేదన్నా."

"పెట్టు, పెట్టు. ఫస్ట్ నేనే నొక్కుతా."

సుగంతి ఇంటి బొమ్మను పెద్దది చేసింది. రంగు మార్చింది. కింద తమిళంలో రాసింది. ఫలితం లేదు. అది ప్రపంచమంతా తెలిసిన గుర్తనీ, లోపం ఇంకెక్కడో ఉంటుందనీ గైడు నివేద మేడం అన్నారు. వెతికితే దొరకలేదు.

బుధవారం పంకజమ్మ మోకాలు చూపించుకోవడానికి వచ్చింది. కూతురి తెర ముందు కొంగు సర్దుకుని, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడింది. మోకాలు నొక్కబోయి పాదం నొక్కింది.

"అయ్యో, కిందికి పోయిందే. ఇప్పుడేం జెయ్యాల?"

"నేను చెప్పకూడదమ్మా. నువ్వే చూడు."

పంకజమ్మ వేలు ఇంటి బొమ్మ దాకా పోయింది. ఆగింది. చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఎందుకు నొక్కలేదు?"

"వద్దు పాపా. అది ఇల్లు గదా."

"ఇల్లయితే?"

"ఆస్పత్రిలో 'ఇంటికి' అంటే ఏందో నీకు తెలీదా? మీ నాయన్ను గూడా అట్లే గదా చెప్పినారు, ఇంటికి తీసకపోండి అని." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మోకాలు నొప్పికని వచ్చి, నా చేత్తో నేనే అది నొక్కుకుంటానా?"

ఏడేళ్ళ కిందట ఆ మాట విన్నప్పుడు సుగంతి కూడా అమ్మ పక్కనే ఉంది. ఆటోలో నాయన తల ఒళ్ళో పెట్టుకుని గుడియాత్తం దాకా వచ్చింది తనే. నాలుగు నెలలుగా ఆ ఇంటిని గీసి గీసి దిద్దిన చేతికి ఆ సంగతి తట్టనే లేదు.

సుగంతి తెర వైపు చూసి అడిగింది. "మరి ఇక్కడ దారి తప్పితే ఏం జేస్తారమ్మా?"

"ఏం జేస్తారు? అదో, ఆ టోపీ ఆయప్పని అడుగుతారు."

గురువారం సుగంతి ఇల్లు తీసేసి ఆ చోట ఖాకీ టోపీ పెట్టుకున్న ముఖం గీసింది. ఏలుమలై తెర ముందు చాలాసేపు నిలబడి చూశాడు.

"టోపీ సరే. నా మీసం యాడ పోయింది?"

మీసం కూడా పెట్టింది.

శుక్రవారం తొమ్మిదిమంది అయ్యేసరికి ఏడు చీటీలు. పదో మనిషి పొన్నై నుంచి వచ్చిన అంకప్ప అనే రైతు. కన్ను నొక్కబోయి చెవి నొక్కాడు. తెర మారింది. అంకప్ప అటూ ఇటూ చూశాడు. గేటు వైపు రెండడుగులు వేశాడు. సుగంతి నేల చూస్తూ నిలబడింది. అంకప్ప గేటు దగ్గరి ఏలుమలైని చూసి, మళ్ళీ తెర వైపు తిరిగాడు.

"ఈయప్ప ఈడ గూడా ఉండాడే," అని గొణుక్కుంటూ మీసం మీద వేలు పెట్టాడు. తెర మొదటికొచ్చింది. ఈసారి కన్ను మీద పడింది. చీటీ వచ్చింది.

నివేద మేడం కాగితం మీద ఎనిమిది అని రాసుకుని, ఇల్లు తీసెయ్యమని ఎవరు చెప్పారని అడిగారు. మా అమ్మ అని సుగంతి చెప్పింది. రిపోర్టులో ఆమె పేరు ముందు పేజీలో రాయమన్నారు మేడం.

మరుసటి వారం ఆ పేజీ తెచ్చి తల్లి చేతిలో పెట్టింది సుగంతి. పంకజమ్మ దాన్ని వెలుగు వైపు తిప్పి చూసింది.

"దీంట్లో నా పేరు ఏదో నాకెట్ల తెలుస్తాది మే? పక్కన బొమ్మ పెట్టలేదే."

సుగంతి పెన్ను తీసి, పేరు పక్కన ఒక అగ్గిపెట్టె గీసింది.